వన్స్ మోర్ లేని నాటకం

ప్రశ్న: టీవీ వచ్చిన కొత్తలో పాత నాటకాలను ఎలా చూపించేవారు? స్టేజీ ముందు కెమెరా పెట్టేస్తే సరిపోయేదా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అంత సుఖమెక్కడిదమ్మా! 1930 జులైలో లండన్‌లో, టీవీకి ఆద్యుల్లో ఒకడైన బెయిర్డ్ స్టూడియో నుంచి బీబీసీ వాళ్లు ఇటలీ రచయిత పిరాండెల్లో రాసిన నాటిక ఒకటి ప్రసారం చేశారు. టీవీ బొమ్మను సన్నటి గీతలు పేర్చి చూపిస్తారు కదా, అప్పట్లో బొమ్మ మొత్తానికీ 30 గీతలే. ఒక మనిషి తల, భుజాలు పడితే తెర నిండిపోయేది. ఇంకొకరు రావాలంటే మధ్యలో అట్ట అడ్డం జరిపేవారు. పాత్రలు, కదలికలు తక్కువ కాబట్టే ఆ నాటికను ఎంచుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కూడా అక్కడ రికార్డింగ్ సదుపాయం సరిగా లేదు. ఆదివారం ఆడిన నాటకాన్ని మళ్లీ చూపించాలంటే గురువారం నటులంతా వచ్చి, మొదటి నుంచీ ఆడాల్సిందే. మన సురభి వాళ్లకైతే అదేమంత వింత కాదు లెండి.

మన పద్యనాటకానికి ఇబ్బంది వేరు. విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో నేను హరిశ్చంద్రుడు వేసినప్పుడు కాటిసీను పద్యం చివరి వరస దాకా వినపడాలని గొంతు చించుకునేవాణ్ణి. అదే పద్యం టీవీ కోసం ఎత్తుకోగానే, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. "మాస్టారూ, అరవకండి. మైకు మీ నెత్తి మీదే ఉంది" అన్నాడు. రాగం కుదించి పాడాను. పద్యం అయ్యాక, అలవాటు కొద్దీ వన్స్ మోర్ కోసం ఆగాను. ఎదురుగా మూడు కెమెరాలు, ఒక ఫ్యాను.

"తర్వాతి డైలాగు చెప్పండి మాస్టారూ, టేపు తిరుగుతోంది" అన్నారు.