రోడ్డు ఎవరి వాడ దాకా వచ్చింది? ఎన్నికల మీద రాయబోయే తమ్ముడికి ఉత్తరం

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. "ఈసారి ఓటరు కులాన్ని పక్కనపెట్టి అభివృద్ధికి పట్టం కట్టాడు" అని మొదలుపెట్టి, "అయినా కులం ఇంకా పోలేదు" అని ముగించావు. ప్రతి ఎన్నిక తర్వాతా ఈ రెండు వాక్యాలు ఏదో ఒక పత్రికలో అచ్చవుతూనే ఉంటాయి. నీకు వాక్యం బాగా కుదురుతుంది, చదివించే గుణం ఉంది. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను: ఇది పక్కనపెట్టి మళ్లీ రాయి. లోపం నీ భాషలో లేదు, నువ్వు వేసుకున్న ప్రశ్నలో ఉంది.

పల్లెలో కులం, అభివృద్ధి విడివిడిగా రావు. సీసీ రోడ్డు ఏ వీధిలో మొదలై ఎక్కడ ఆగింది? మంచినీళ్ల ట్యాంకు ఎవరి వాడలో కట్టారు? రేషన్ డీలర్‌షిప్ ఎవరికి దక్కింది? ఇవన్నీ అభివృద్ధి లెక్కలోకే వస్తాయి, అన్నిటిలోనూ కులం ఉంది. కాబట్టి 'కులమా, అభివృద్ధా' అని అడగకు. ఎవరికి అందింది, ఎవరు ఇప్పించారు, ఎవరి దాకా రాలేదు అని అడుగు. ఈ మూడింటికీ కాగితాలు దొరుకుతాయి, మనుషులు దొరుకుతారు. 'కులమా, అభివృద్ధా' అన్న ప్రశ్నకు దొరికేది అభిప్రాయాలే.

మన రాష్ట్రాల గురించి రాసేముందు బిహార్ చదువు. అక్కడి పార్టీల మీద మనకు అభిమానాలూ కోపాలూ ఉండవు కాబట్టి విషయం తేటగా కనబడుతుంది. నితీశ్ కుమార్ 2005 నవంబరులో అధికారంలోకి వచ్చాడు. ఆయన కులం కుర్మీ. 2023 అక్టోబరు 2న బిహార్ ప్రభుత్వం ప్రకటించిన కులగణన ప్రకారం కుర్మీలు జనాభాలో 2.87 శాతం, యాదవులు 14.26 శాతం. సొంత కులం ఓట్లతో రాజ్యం చేసే అవకాశం ఆయనకు లేదు. అందుకని ఏం చేశాడో చూడు. 2006లో పంచాయతీల్లో మహిళలకు 50 శాతం, అతి వెనుకబడిన కులాలకు 20 శాతం స్థానాలు కేటాయించాడు. అదే కులగణనలో ఈ అతి వెనుకబడిన కులాలు 112, జనాభాలో 36.01 శాతం అని తేలింది. దళితుల్లో మరీ వెనుకబడినవారిని మహాదళితులుగా విడదీసి వేరే పథకాలు పెట్టాడు. అదే కాలంలో తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లకు సైకిల్ కొనుక్కోవడానికి 2,000 రూపాయలు ఇచ్చాడు. దానికి కులంతో పనిలేదు. రోడ్లు వేశాడు, పోలీసు వ్యవస్థను బిగించాడు. 2010లో ఆయన కూటమికి 243లో 206 స్థానాలు వచ్చాయి. దేశమంతా 'బిహార్‌లో అభివృద్ధి గెలిచింది' అని రాసింది.

నాలుగేళ్లు తిరిగేసరికి ఏమైంది? 2013లో బీజేపీతో తెగతెంపులు చేసుకుని 2014 లోక్‌సభ ఎన్నికల్లోకి వెళితే నితీశ్ పార్టీ జేడీయూకు 40లో 2 స్థానాలే మిగిలాయి. అవే రోడ్లు, అవే సైకిళ్లు, అదే ముఖ్యమంత్రి. 2015లో లాలూ ప్రసాద్‌తో చేతులు కలిపితే అసెంబ్లీలో 71 వచ్చాయి, కూటమికి 178. 2020లో మళ్లీ బీజేపీతో పోటీచేస్తే 43. 2025లో అదే పొత్తుతో 85, కూటమికి 202. అభివృద్ధి ఒక్కటే ఓట్లు తెచ్చేదైతే 2014లో ఆ 2 ఎందుకు? కులం లెక్క ఒక్కటే నడిపేదైతే 2.87 శాతం కులానికి చెందిన మనిషి చుట్టూ ఇరవై ఏళ్లు రాష్ట్రం ఎందుకు తిరిగింది? ఈ రెండు ప్రశ్నలకూ కలిపి జవాబు చెప్పగలిగిన వ్యాసమే నిలుస్తుంది. నా మట్టుకు జవాబు ఇది: చేసిన పని ఆయనకు పేరు తెచ్చింది, పొత్తు ఆ పేరును సీట్లుగా మార్చింది. పొత్తు అంటే అక్కడ కులాల కలయికే.

నితీశ్‌కు ముందు పదిహేనేళ్ల లాలూ, ఆయన భార్య రబ్రీ దేవి పాలనను 'అభివృద్ధి లేని కుల రాజకీయం' అని ఒక్క మాటలో కొట్టిపారేయకు. శాంతిభద్రతలు చెడ్డాయి, ఆర్థికంగా రాష్ట్రం వెనకబడింది, అది రాయాల్సిందే. దానితోపాటు, భూస్వామి ముందు నిలబడి మాట్లాడగలగడం, భయం లేకుండా ఓటు వేయగలగడం ఆ కాలంలో ఎందరికో కొత్త అనుభవాలు. దాన్ని ఏ బడ్జెట్ పద్దులోనూ చూపించలేవు. గౌరవాన్ని లెక్కలోంచి తీసేస్తే వాళ్లు ఓటెందుకు వేశారో నీకు ఎప్పటికీ అర్థం కాదు.

ఇక మన దగ్గరికి వస్తే, 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణం పదవులను రద్దు చేసింది. మరుసటి ఏడు మండలాలు వచ్చాయి. ఇది పరిపాలన సంస్కరణా, కుల రాజకీయమా? భూమి లెక్క, శిస్తు వసూలు, ధ్రువీకరణ పత్రం వంశపారంపర్యంగా కొన్ని కుటుంబాల చేతుల్లో ఉన్నాయి. పదవి పోవడంతో ఊళ్లో పెత్తనం మారింది. తాలూకా కేంద్రానికి వెళ్లాల్సిన మనిషి దగ్గర్లోని మండలాఫీసుకు వెళ్లాడు. నువ్వు 'వర్సెస్' పెట్టి రాసే వ్యాసంలో ఈ సంఘటనకు చోటే దొరకదు.

ఇప్పుడు పని ఎలా చేయాలో చెబుతాను.

ముందు కులాల సంఖ్య. 'ఈ నియోజకవర్గంలో ఫలానా వాళ్లు 40 వేలు' అని పార్టీ ఆఫీసుల్లో చెప్పే అంకెలు అచ్చులో వేయకు. అన్ని పార్టీలవాళ్లు చెప్పినవీ కూడితే మొత్తం ఓటర్ల కంటే ఎక్కువ తేలుతుంది, ఒకసారి కూడి చూడు. దేశవ్యాప్తంగా అన్ని కులాలనూ లెక్కించి చివరిసారిగా ప్రకటించింది 1931లో. ఎస్సీ, ఎస్టీలకు 2011 జనగణన ఉంది. తెలంగాణకు 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన సర్వే ఉంది: ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45, ముస్లింలు కాని బీసీలు 46.25, బీసీ ముస్లింలు 10.08, ఓసీలు 15.79 శాతం. ఇక్కడే చాలామంది జారిపడతారు. ఒకరు బీసీలు 46 శాతం అంటారు, ఇంకొకరు 56 అంటారు. రెండూ ఒకే సర్వేలోవే, తేడా ముస్లిం బీసీలను కలపడంలో ఉంది. ఏది వాడినా కలిపావో లేదో ఆ వాక్యంలోనే చెప్పు. ఓటరు జాబితాలో కులం ఉండదు. ఇంటిపేరు చూసి కులం రాసే పని అసలు చేయకు, ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో ఉంటుంది.

రెండోది, సీట్లు చూసి జనం మనసు చెప్పకు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో టీడీపీకి 39.17 శాతం ఓట్లకు 23 సీట్లు వచ్చాయి. 2024లో వైసీపీకి 39.37 శాతం ఓట్లకు 11 సీట్లు వచ్చాయి. రెండుసార్లూ ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు ఓడిన పార్టీ వైపే ఉన్నారు. 'ప్రజలు తుడిచిపెట్టేశారు' అని రాసేముందు ఆ నలుగురు ఎవరో తెలుసుకో. బిహార్‌లో 2025లో అన్ని పార్టీల కంటే ఎక్కువ ఓట్ల శాతం, సుమారు 23, లాలూ పార్టీ ఆర్జేడీదే. సీట్లు మాత్రం 25. అది చూసి తొందరపడకు కూడా: ఆ పార్టీ 140కి పైగా చోట్ల పోటీచేసింది, బీజేపీ, జేడీయూ చెరి 101 చోట్ల. ఎన్ని చోట్ల నిలబడ్డారో చూడకుండా ఓట్ల శాతాలు పోల్చడం మొదటి వ్యాసాల్లో తరచుగా దొర్లే తప్పు.

మూడోది, ఫారం 20, అంటే పోలింగ్ కేంద్రాలవారీగా ఓట్ల లెక్క ఉండే కాగితం. నీ వ్యాసానికి ప్రాణం ఇదే. ప్రతి అసెంబ్లీ నియోజకవర్గానికీ రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌గా దొరుకుతుంది. ఒక్కో వరుస ఒక్కో పోలింగ్ కేంద్రం: వరుస సంఖ్య, ఆ తర్వాత ఒక్కో అభ్యర్థికి పడ్డ ఓట్లు, చెల్లిన ఓట్ల మొత్తం, తిరస్కరించినవి, నోటా, మొత్తం, చివర టెండర్డ్ ఓట్లు (తన పేరు మీద అప్పటికే ఇంకెవరో ఓటేసి ఉంటే అసలు ఓటరు విడిగా వేసేవి). పోస్టల్ బ్యాలెట్లు కింద విడిగా కలుపుతారు, వాటిని బూత్ లెక్కలో చేర్చకు. ఊరి పేరు ఇందులో ఉండదు. అదే వెబ్‌సైట్‌లో పోలింగ్ కేంద్రాల జాబితా తీసి పక్కన పెట్టుకో, ఏ వీధులు ఏ కేంద్రం కిందికి వస్తాయో అందులో ఉంటుంది. రెండు ఎన్నికలను పోల్చేటప్పుడు బూత్ నంబరును నమ్మకు. ఓటర్లు పెరిగితే బూత్‌ను చీలుస్తారు, ఆ తర్వాతి నంబర్లన్నీ జరుగుతాయి. బడి పేరు, వీధుల పేర్లతో జత కలుపు. రెండు బూత్‌లైతే రెంటినీ కలిపి పాత ఒక్కదానితో పోల్చు. మొత్తం నియోజకవర్గం చేయబోకు, మునిగిపోతావు. ఒక మండలం తీసుకుని ఇరవై ముప్పై బూత్‌లు శ్రద్ధగా చెయ్యి.

ఇక్కడో గట్టి హెచ్చరిక. బూత్ అంటే కులం కాదు. మూడు వాడలు కలిసిన బూత్‌లో ఒక పార్టీకి 60 శాతం పడితే, ఎవరు వేశారో నీకు తెలియదు, తెలిసినట్టు రాయకు. ఒకే వాడకు ఒకే బూత్ ఉంటే కొంత చెప్పగలవు, కానీ అప్పుడు ఇంకో ప్రమాదం. 'ఫలానా ఊరి ఎస్సీ కాలనీ ఫలానా పార్టీకి వేసింది' అని నువ్వు అచ్చువేస్తే, రేపు ఆ కాలనీ పని ఆగిపోవచ్చు, ఆ మనుషులకు కూలిపని దొరక్కపోవచ్చు. బూత్‌వారీ లెక్క బయటపడకుండా కొన్ని యంత్రాల ఓట్లు కలిపి లెక్కించే టోటలైజర్‌ను ఎన్నికల సంఘం ప్రతిపాదించింది, అది అమల్లోకి రాలేదు. కాబట్టి ఆ జాగ్రత్త మనమే పడాలి. మండలం పేరుతో ఆగు, వాడ పేరు రాయకు. ఈ ఒక్క విషయంలో నిన్ను బతిమాలుకుంటున్నానని అనుకో.

సర్వేల సంగతి క్లుప్తంగా చెబుతాను. మూడు వేలమందిని అడిగిన సర్వేలో జనాభాలో 3 శాతం ఉన్న కులంవాళ్లు 90 మంది తేలతారు. 90 మంది జవాబుకు నూటికి పది అటూ ఇటూ తేడా ఉంటుంది. ఆ కులం 'ఎనిమిది శాతం మారింది' అని దాన్నిబట్టి శీర్షిక పెట్టకు.

టికెట్ల పట్టిక వేసేటప్పుడు రిజర్వుడు స్థానాలు విడిగా పెట్టు. ఆంధ్రప్రదేశ్‌లో 175లో 29 ఎస్సీ, 7 ఎస్టీ. తెలంగాణలో 119లో 19, 12. మిగిలిన 139, 88 స్థానాల్లో ఎవరికి ఇచ్చారన్నదే పార్టీ మనసును చూపిస్తుంది. ఎస్సీ స్థానంలో అభ్యర్థులందరూ ఎస్సీలే కాబట్టి గెలుపు తరచుగా మిగతా కులాల ఓట్లమీద ఆధారపడుతుంది. మాల, మాదిగ తేడా కూడా అక్కడే పనిచేస్తుంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి ఇచ్చాక, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణ ఎస్సీలను మూడు గ్రూపులుగా చేసి వాళ్ల 15 శాతం రిజర్వేషన్‌ను 1, 9, 5 శాతాలుగా పంచింది. ఇకపై 'దళిత ఓటు' అని ఒకే ముద్దగా రాస్తే నీ వ్యాసం అక్కడివాళ్లకు పరాయిదిగా ఉంటుంది. కుల కార్పొరేషన్లు ఏ ప్రభుత్వమొచ్చినా పెడుతూనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఒకేసారి 56 బీసీ కార్పొరేషన్లకు ఛైర్మన్లను వేశారు, అంతకుముందు కాపు, బ్రాహ్మణ కార్పొరేషన్లు వచ్చాయి. ఛైర్మన్ పేరు రాసి ఊరుకోకు. ఆ సంస్థ సొంతంగా ఎంత ఖర్చుపెట్టింది, అందరికీ ఇచ్చే పింఛన్నే తన ఖాతాలో చూపించిందా అన్నది చూడు.

అభివృద్ధి వైపు లెక్క కూడా ఇంతే పట్టుగా తీయాలి. బడ్జెట్‌లో మూడు అంకెలుంటాయి: అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం. ఈ ఏడు కేటాయించినదానిలో నిజంగా ఎంత ఖర్చయిందో రెండేళ్ల తర్వాతి బడ్జెట్ పుస్తకంలో వస్తుంది. ప్రకటనలో చెప్పేది మొదటిది, నువ్వు రాయాల్సింది మూడోది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం కింద కేటాయించిన డబ్బులో ఎంత వాళ్ల వాడలకే ఖర్చయింది, ఎంత అందరికీ వర్తించే పథకాల్లో వాటాగా చూపించారు అన్నది ఒక్క జిల్లాకు తేల్చినా మంచి వ్యాసం అవుతుంది. ఊళ్లో సీసీ రోడ్డుకైతే అంచనా కాగితం, ఎం.బుక్, బిల్లు చూపించమను, ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. ఎం.బుక్‌లో పొడవు, వెడల్పు, మందం రాసి ఉంటాయి. టేపు పట్టుకుని వెళ్లి కొలువు. రోడ్డు ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టి, ఆగినచోటునుంచి ముందుకు ఎవరి ఇళ్లున్నాయో చూడు.

నగదు పథకాలను రోడ్లతో కలిపి 'అభివృద్ధి' అనకు. డబ్బు నేరుగా ఖాతాలో పడితే ఊరి పెద్ద మధ్యలో ఉండడు. ఆంధ్రప్రదేశ్‌లో యాభై ఇళ్లకొక వాలంటీరు ఉన్న రోజుల్లో పింఛనుకోసం కులపెద్ద దగ్గరికి వెళ్లే అవసరం తగ్గింది, పార్టీ కార్యకర్తకు కూడా పని తగ్గింది. రోడ్డు కాంట్రాక్టు అలా కాదు, అది ఎవరో ఒకరి చేతిలోంచే వస్తుంది. బిహార్‌లో 2025 ఎన్నికలకు ముందు మహిళల ఖాతాల్లో పది వేల రూపాయలు వేశారు. పోలింగ్‌లో పురుషులు సుమారు 63 శాతం, మహిళలు సుమారు 72 శాతం. పది వేలవల్లే అని తేల్చేయకు, అక్కడ అంతకుముందు ఎన్నికల్లోనూ ఆడవాళ్లే ముందున్నారు. కానీ ఇంటి మగవాడి కులనాయకుడు చెప్పినట్టే ఆమె ఓటు కూడా పడుతుందన్న పాత నమ్మకాన్ని అలాగే మోయకు.

ఊళ్లోకి వెళ్లినప్పుడు 'కులం చూసి ఓటేస్తారా' అని అడిగితే ఎవరైనా కాదనే అంటారు. 'పోలీస్ స్టేషన్‌లో పనిపడితే ఎవరిని తీసుకెళ్తారు? ఇంటిస్థలం దరఖాస్తు ఎవరు రాసిపెట్టారు? పోయినసారి ఓటడగడానికి మీ గుమ్మందాకా ఎవరొచ్చారు?' అని అడుగు. బస్టాండు టీకొట్టు దగ్గర మాట్లాడి ఊరంతా చూశాననుకోకు, అక్కడ కూర్చునేవాళ్లు ఎప్పుడూ కొన్ని ఇళ్లవాళ్లే. కూలికి వెళ్లేవాళ్లు పొద్దున్నే ఏడులోపు దొరుకుతారు, లేకపోతే చీకటి పడ్డాకే. ఆడవాళ్లతో డ్వాక్రా సమావేశం రోజున విడిగా మాట్లాడు. ఊరి నాయకుణ్ణి వెంటబెట్టుకుని ఎస్సీ కాలనీలోకి వెళ్లకు. ఆయన పక్కనుండగా నీకు ఎవరూ నిజం చెప్పరు, చెప్పినవాళ్లకు తర్వాత ఇబ్బంది.

మళ్లీ రాసేటప్పుడు ఒకే మండలం తీసుకో: రెండు ఎన్నికల ఫారం 20, రెండు పార్టీల టికెట్లు, ఒక రోడ్డు, ఒక పథకం. పన్నెండు వందల పదాలు మించనీయకు. నువ్వు జతకలిపిన బూత్‌ల పట్టిక కూడా వ్యాసంతోపాటు పంపు. ముందు అది చూసి, తర్వాత వ్యాసం చదువుతాను.

ఉంటాను,
అన్నయ్య