నాజీల నుంచి తప్పించుకున్న యూదు పిల్లలు పరాయి దేశంలో ఎలా నిలదొక్కుకున్నారు?

ఇంగ్లండ్ చేరాక ఆ పిల్లల కష్టాలు తీరినట్టేనా, వాళ్ల చదువులు ఎలా సాగాయి అని అడిగారు. అందరి గురించీ చెప్పడానికి నేను చరిత్రకారుణ్ని కాను. నాకు బాగా తెలిసింది ఒక్కరి కథే: నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త వాల్టర్ కోన్.

రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ చేసినన్నాళ్లూ నేను రోజూ వాడింది కోన్-షామ్ సమీకరణాలే. అణువుల్లో ఎలక్ట్రాన్ల తీరును కంప్యూటర్‌తో లెక్కగట్టే వాళ్లలో చాలామందికి అవి తప్పవు. లెక్క మొదలుపెడితే తెల్లారినా తెగేది కాదు. అలా ల్యాబులో కూర్చున్న ఒక రాత్రి, నోబెల్ వచ్చినప్పుడు ఆయన రాసుకున్న జీవితకథ చదివాను.

వాల్టర్ 1923లో వియన్నాలో పుట్టాడు. తండ్రి చిత్రకళ పోస్టుకార్డులు ప్రచురించేవాడు. బడిలో అతనికి ఇష్టమైన పాఠం లాటిన్, లెక్కల్లో అంతంతమాత్రం. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకోగానే ఆ వ్యాపారాన్ని లాక్కుని, జీతం ఇవ్వకుండా తండ్రి చేతే నడిపించారు. కొడుకును బడి నుంచి గెంటేశారు. యూదుల బడిలో చేరితే, అక్కడి ఇద్దరు ఉపాధ్యాయుల వల్ల లెక్కలూ భౌతికశాస్త్రమూ అతనికి రుచించాయి.

ఆ నవంబరులో యూదుల దుకాణాల మీద, ప్రార్థనామందిరాల మీద దాడులు జరిగాక, 17 ఏళ్ల లోపు పిల్లలు రావచ్చని బ్రిటన్ ఒప్పుకుంది. పిల్లలు మాత్రమే, అమ్మానాన్నలు కాదు. కిండర్‌ట్రాన్స్‌పోర్ట్ అనే ఆ ఏర్పాటులో సుమారు 10,000 మంది బయటపడ్డారు. వాల్టర్ 1939 ఆగస్టులో, యుద్ధానికి మూడు వారాల ముందు వెళ్లి, ససెక్స్‌లో తండ్రికి వ్యాపారంలో పరిచయమున్న వాళ్లింట్లో చేరాడు. చదువుకున్నవాళ్లు ఉద్యోగాల్లేక తిరగడం చూసినవాడు కనుక రైతునవుతానని కెంట్‌లో వ్యవసాయ శిక్షణకు వెళ్లాడు. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) రావడంతో అది మానేసి మళ్లీ బడి పట్టాడు.

కష్టాలు తీరలేదు. ఆస్ట్రియా జర్మనీలో కలిసిపోయింది కాబట్టి కాగితాల మీద వాల్టర్ జర్మన్. 1940 మేలో, 17 ఏళ్లు నిండిన కొద్ది వారాలకే, ‘శత్రుదేశస్థుడు’ అని బ్రిటిష్ ప్రభుత్వమే పట్టుకుంది. అక్కడ యూదుడని తరిమారు, ఇక్కడ జర్మన్ అని బంధించారు. ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో కొన్నాళ్లు ఉంచి, జులైలో ఓడలో కెనడా పంపేశారు. దారంతా జర్మన్ జలాంతర్గాములే. అలాంటి నిర్బంధితులనే మోసుకెళ్తున్న అరండోరా స్టార్ అనే ఓడ అదే నెలలో టార్పెడో దెబ్బకు మునిగి, 800 మందికి పైగా చనిపోయారు.

కెనడా శిబిరంలో ఖైదీల్లో పండితులు చాలామంది ఉండటంతో పాఠాలు మొదలయ్యాయి. వాల్టర్ అడవిలో చెట్లు కొట్టేవాడు. కూలి రోజుకు 20 సెంట్లు. ఆ డబ్బు కూడబెట్టి హార్డీ రాసిన గణిత పుస్తకం, స్లేటర్ రాసిన రసాయన భౌతికశాస్త్ర పుస్తకం కొన్నాడు. ముళ్లకంచె వెనకాలే మెక్‌గిల్ విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్షలు రాశాడు.

1942 జనవరిలో విడుదలయ్యాక టొరంటోలో ఒక ప్రొఫెసర్ కుటుంబం ఇంట్లో పెట్టుకుంది. విశ్వవిద్యాలయంలో మరో అడ్డంకి: కెమిస్ట్రీ భవనంలో యుద్ధానికి సంబంధించిన పనులు జరుగుతున్నాయి, జర్మన్ పౌరులకు ప్రవేశం లేదు. కెమిస్ట్రీ చదవకపోతే సీటు లేదు. గణిత విభాగాధిపతి శామ్యూల్ బీటీ పూనుకుని, వాల్టర్‌నూ అలాంటి మరికొందరినీ ప్రత్యేక విద్యార్థులుగా చేర్పించాడు. కెమిస్ట్రీ గుమ్మం తొక్కనివ్వని ఆ కుర్రాడికి 1998లో నోబెల్ వచ్చింది కెమిస్ట్రీలోనే!

మధ్యలో కెనడా సైన్యంలో కొన్నాళ్లు, 1948లో హార్వర్డ్ డాక్టరేటు, 1960 నుంచి కాలిఫోర్నియా, 1964-65లో నేను రోజూ వాడిన ఆ సమీకరణాల సిద్ధాంతం.

ఇలాంటి జీవితాలను ‘కష్టాలే మనిషిని తీర్చిదిద్దాయి’ అంటూ స్ఫూర్తి కథలు చేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. వాల్టర్ తల్లిదండ్రులు వియన్నాలోనే చిక్కుకుపోయారు. నాజీలు వాళ్లను ఆష్విట్జ్ మరణశిబిరంలో చంపేశారు. నోబెల్ అందుకున్న ఏడు కూడా, పుట్టిన దేశాన్ని తలచుకుంటే తనకు మిగిలింది బాధేనని ఆయన రాశాడు. ఆయన సిద్ధాంతాన్ని వాడే సాఫ్ట్‌వేర్లలో పేరుమోసిన వాస్ప్ తయారైంది ఆ వియన్నాలోనే. నా లెక్కలన్నీ దానిమీదే నడిచాయి.

ఆయన రాసుకున్న ఆ కథ నోబెల్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఫిజిక్స్ వచ్చిన చోట పేజీలు తిప్పేసినా ఫర్వాలేదు, 1938 నుంచి 1942 దాకా ఉన్న భాగం మాత్రం వదలకండి.