వాలు వేరు, మెట్టు వేరు: యువ రచయితకు లేఖ

చిరంజీవి సుమకి,

నీ చిత్తుప్రతి చదివాను. వాక్యం సాగేకొద్దీ పిచ్ (గొంతు పలికే ఎత్తు) తగ్గడానికి కారణం ఊపిరి అయిపోవడమేనని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఊపిరితిత్తుల గాలి ఒత్తిడి తగ్గితే పిచ్ కొంత దిగే మాట నిజమే. కానీ డేనిష్‌లో మామూలు వాక్యం బాగా వాలుతుంది, అవే మాటల్ని ప్రశ్నగా అడిగితే దాదాపు చదునుగా సాగుతుంది. ఊపిరి రెంటికీ ఒకటే కదా! కాబట్టి కారణాన్ని ఊపిరి దగ్గరే ఆపేయకు.

నైజీరియా, నైజర్‌లలో మాట్లాడే హౌసాను కూడా అదే గాటన కట్టావు. అక్కడ జరిగేది వేరు. టోన్ అంటే మాటలో ఒక్కో అక్షరానికి భాష కేటాయించిన ఎత్తు. రెండు ఎగువ టోన్ల మధ్య దిగువ టోన్ వస్తే, రెండో ఎగువ టోన్ మొదటిదాని ఎత్తు అందుకోదు. అలా మెట్టు మెట్టుగా దిగి, పొడవాటి వాక్యంలో చివరి ఎగువ టోన్ మొదటి దిగువ టోన్ కన్నా కిందికి పోవచ్చు. జపనీస్‌లోనూ మెట్లే, అయితే మెట్టు దించేది ముందు మాటలోని ఊనిక.

నువ్వు కొలిచిన "సీత కాకికి పప్పు పెట్టింది" ఈ పనికి నప్పదు. స, త, క, ప దగ్గర స్వరతంత్రులు కంపించవు, పిచ్ గీత తెగిపోతుంది. వాటి వెంటనే వచ్చే అచ్చులో పిచ్ కాస్త ఎగురుతుంది కూడా. "రమణ వాళ్ల మామ నెల్లూరు వెళ్లాడు" లాంటిది తీసుకో. ఇ, ఉ సహజంగానే ఆ కన్నా కొంచెం ఎత్తున పలుకుతాయి, అందుకని ఆ-ని ఆ-తోనే పోల్చు. ప్రాట్ అనే ధ్వని విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో పిచ్ పరిధి మగ గొంతుకి 75–300 హెర్ట్జ్, ఆడ గొంతుకి 100–500 పెట్టు. వాక్యం చివర గొంతు గరగరలాడే చోట గీత ఒక్కసారిగా సగానికి పడినా రెట్టింపైనా ముందు సాఫ్ట్‌వేర్‌నే అనుమానించు. ఫలితాలు సెమీటోన్లలో (హెర్ట్జ్ తేడాను కాక నిష్పత్తిని చూసే సంగీత కొలతలో) రాయి: 200 నుంచి 150 హెర్ట్జ్‌కి దిగినా, 120 నుంచి 90కి దిగినా దాదాపు 5 సెమీటోన్లే. హెర్ట్జ్‌లో రాస్తే ఆడ గొంతు ఎక్కువ దిగినట్టు కనిపిస్తుంది.

చెవి సంగతి అసలు రాయలేదేం? వాక్యంలో రెండు పిచ్ శిఖరాలు సమానంగా వినిపించాలంటే రెండోది నిజానికి కాస్త తక్కువ ఉండాలని భాషాశాస్త్రవేత్త జానెట్ పియర్‌హంబర్ట్ 1979లోనే చూపించింది. వినేవాళ్లు వాలును ముందే లెక్కలోకి తీసుకుంటారన్నమాట. దీనికి ఒక పేరా పూర్తిగా ఇవ్వు.

ఇంకొకటి, కామా దగ్గర ఆగి చదివితే పిచ్ మళ్లీ లేస్తుంది. మొత్తానికి ఒకే గీత గీయకుండా రెండు ముక్కలుగా కొలువు. రెండో ముక్క మొదలు, మొదటిదాని మొదలు కన్నా ఎన్ని సెమీటోన్లు కింద ఉందో కూడా పట్టికలో చేర్చి పంపు.