కెమెరా కాదు, షట్టర్ స్పీడు చూడు
తమ్ముడూ, రొట్టెల పండగకి నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర పొద్దుగూకాక తీసిన ఫొటోల్లో మనుషులంతా మసకగా వచ్చారని కొత్త కెమెరా మార్చేస్తానంటున్నావు గానీ, ఆగు. ఆటోలో పెట్టి తీసుంటావు, వెలుతురు తగ్గేసరికి అది షట్టర్ స్పీడుని (అంటే షట్టర్ తెరుచుకుని ఉండే సమయాన్ని) ఏ 1/15 సెకనుకో దించేసుంటుంది, ఆలోపు రొట్టె పట్టుకున్న చెయ్యి కదలకుండా ఉంటుందా? లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉన్నా నీ చేతి వణుకు వరకే, జనం కదలికకి పనికిరాదు. డయల్ ఎస్‌కి, అంటే షట్టర్ స్పీడు మనమే పెట్టుకునే మోడ్‌కి తిప్పు (కానన్ అయితే టీవీ అని ఉంటుంది, నేను మొదట్లో టీవీకి కలిపేదేమో అనుకున్నాలే), 1/250 పెట్టి ఐఎస్‌ఓని (వెలుతురికి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) ఆటోలో 3200 దాకా వదిలెయ్. ఫొటో గింజలు గింజలుగా వచ్చినా పర్లేదు. 18-55 జూమ్ లెన్స్‌ని 18 దగ్గరే ఉంచి నువ్వే ముందుకి నడువు, జూమ్ చేస్తే ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురొచ్చే కంత) 3.5 నుంచి 5.6కి వెళ్లి, అంటే చిన్నదైపోయి, సగానికి పైగా వెలుతురు పోతుంది. అప్పటికీ చాలకపోతే ఇంకా పెద్ద ఎపర్చర్ ఉండే 50ఎంఎం 1.8 లెన్స్ కొనుక్కో, కెమెరా బాడీ జోలికి మాత్రం పోవద్దు.