పాత్ర అంటే ఏ పాత్ర?

అనంతపురం

చిరంజీవి అమ్మాయికి,

పంజరం పిట్ట స్నానం మీద నువ్వు రాసిన రచన అందింది. బాగుంది. కానీ రెండో పేజీలో "ఒక పాత్రలో నీళ్లు పెడితే మా పిట్ట సిగ్గుపడుతూ స్నానం చేసింది" అన్న దగ్గర కాగితాలు పక్కన పెట్టేశాను. ఏ పాత్ర, తల్లీ? స్టీలు ప్లేటా, సత్తు గిన్నెనా, మట్టి మూకుడా? సంగతంతా అక్కడే ఉంది.

స్టీలు ప్లేటు నున్నగా ఉంటుంది. పిట్ట అంచు మీద వాలగానే కాలు జారుతుంది, రెక్కలు టపటపా కొట్టుకుని పంజరం పైకి ఎగిరిపోతుంది. నువ్వు సిగ్గన్నది ఆ జారుడునే. గరుకు మూకుడైతే గోళ్లకు పట్టు దొరుకుతుంది. నీళ్లు అరంగుళం చాలు, మహా అయితే ముప్పావు. పొట్ట తడవాలి గానీ కాళ్లు తేలకూడదు. అప్పుడు చూడు తమాషా. ముందు ముక్కు ముంచి తల విదిలిస్తుంది. ఒక కాలు అంచు మీదే పెట్టుకుని రెండోది నీళ్లలో పెట్టి తీస్తుంది, మళ్లీ పెట్టి తీస్తుంది. ఉన్నట్టుండి రొమ్ము ఆనించి రెక్కలు కొట్టిందంటే కింద పరిచిన పేపరంతా తడిసి ముద్ద. జరిగింది జరిగిన వరుసలో రాస్తే పాఠకుడే నవ్వుతాడు, సిగ్గు సంగతి నువ్వు చెప్పనక్కర్లేదు.

మూకుడని రాస్తే 'మట్టి పాత్ర' అని దిద్దే సంపాదకులున్నారు. అందరికీ అర్థం కావాలట! కుండ మీద మూకుడు మూసే సీమలో ఆ మాట అర్థం కానివాళ్లెవరో మాత్రం చెప్పరు. సర్లే.

పిట్టను లవ్‌బర్డ్ అన్నావు. తోక పొడుగని, తల మీద సన్నటి నల్ల చారలని నువ్వే రాశావు కాబట్టి అది బడ్జీ, చిలకల్లోనే ఓ చిన్న జాతి. బజార్లో బడ్జీలనే లవ్‌బర్డ్స్ అని అమ్ముతారు. అసలు లవ్‌బర్డ్‌ది ఆఫ్రికా, తోక పొట్టి. ఈ తేడా తెలిసి ఉంటే మూడో పేజీలో చేతికి దొరికిన బంగారాన్ని వదిలేసేదానివి కాదు. "తడి కొత్తిమీర కట్ట మీద దొర్లింది" అని రాసి, వెంటనే అక్క పెళ్లిచూపుల్లోకి వెళ్లిపోయావు. ఆ ఒక్క ముక్క నాలుగుసార్లు చదివాను. బడ్జీ పుట్టిల్లు ఆస్ట్రేలియా నడిమి మెట్ట నేలలు, మన జిల్లా కన్నా ఎండు. అక్కడ తడిసిన గడ్డిలో, ఆకుల్లో దూరి ఒళ్లు తడుపుకుంటాయి. అందుకే గిన్నె చూసి బెదిరే పిట్ట కూడా తడి ఆకు కనపడితే ఆగదు. చెంప రుద్దుతుంది, ఈకలు ఉబ్బించి బోర్లా పాకుతుంది, మధ్యలో ఆగి ఓ ఆకు కొరుకుతుంది. స్నానమూ పలారమూ ఒకే కట్ట మీద. దీనికి రెండు పేజీలివ్వు, పెళ్లిచూపులు తీసెయ్యి. కట్టను మూడు నీళ్లలో కడగాలనీ రాయి, ఆకుల మీద పురుగుమందు ఉండొచ్చు. కడిగాక పిండకూడదు, నీళ్లు కారుతుండగానే పంజరం కమ్మీకి క్లిప్పుతో తగిలించాలి.

పక్కింటి కాక్‌టీల్, అదే ఆ జుట్టు చిలక, మూకుట్లోకి దిగలేదని దాన్ని మొండిదన్నావు. దానికి చాలాసార్లు గిన్నె కన్నా జల్లు ఇష్టం. రెక్కలు రెండూ చాచి కర్రకు తలకిందులుగా వేలాడుతుంది. ఒంటి మీద తెల్లటి పొడి ఉంటుంది కనుక మొదటి జల్లుకు నీళ్లు ముత్యాల్లా జారిపోతాయి. రోంత ఓపిక పట్టాలి. స్ప్రే బాటిల్ కొత్తదే కావాలి, మందు కొట్టింది ఎంత కడిగినా వద్దు. ముఖాన కొట్టకుండా తలపైన గాల్లోకి కొడితే వానలా దిగుతుంది. కుళాయి చప్పుడుకే పిట్ట ఉత్తుత్తి స్నానం మొదలెట్టిందని రాసి "నమ్ముతారా?" అన్నావు. నమ్ముతారు, పెంచినవాళ్లందరికీ తెలిసిందే అది.

కోపం వచ్చింది మాత్రం ఐదో పేజీకి. రాత్రి దీపం వెలుగులో స్నానం, ఆపైన హెయిర్ డ్రయ్యర్! అందం కోసం రాశావు, చదివినవాళ్లు చేసి చూస్తారు. తడి ఈకలు నిద్రవేళకు ఆరవు. స్నానం పొద్దునపూటే, ఫ్యాన్ ఆపేసి. కొన్ని డ్రయ్యర్ల లోపల నాన్‌స్టిక్ పూత ఉంటుంది, అది మరీ వేడెక్కి వదిలే పొగ మన ముక్కుకు తెలియకుండానే పిట్ట ప్రాణం తీస్తుంది. వేణ్ణీళ్లు, సబ్బు ఈకల మీది నూనెను లాగేస్తాయి. తోక మొదట్లోని గ్రంథి నుంచి ముక్కుతో తీసి పూసుకున్న నూనె అది. సాదా నీళ్లు చాలు. మే నెలలో రోజూ పెట్టినా మంచిదే, చలికాలంలో వారానికి రెండుసార్లు. అరగంటకు మూకుడు తీసెయ్యాలి, లేకుంటే అందులోనే రెట్ట వేసి ఆ నీళ్లే తాగుతుంది. స్నానమయ్యాక కాసేపు వణకడం మామూలే. ఆరాక కూడా ఉబ్బిపోయి పంజరం అడుగున కూర్చుంటే అది జబ్బు. దాన్ని హాస్యంగా రాయకు.

చివర్లో రామచిలకను పంజరంలో పెట్టావు. మన దేశపు చిలకల్ని పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. తీసెయ్యి. దాంతోపాటు ఆ 'స్వేచ్ఛకు ప్రతీక' కూడా పోతుంది, పీడా పోతుంది. పంజరం కనపడితే చాలు స్వేచ్ఛ అనడం ఇప్పుడు రివాజైపోయింది.

కలం పేరు ఏది పెట్టుకోవాలని అడిగావు. ముందు పిట్ట పేరు సరిచెయ్యి.

కాగితం వెనక నువ్వు గీసిన బొమ్మలో తోక పొట్టిగా ఉంది. అదీ దిద్ది పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు