లాక్‌డౌన్‌లో పోయిన రూమ్ అడ్వాన్సు ఇప్పుడు వస్తుందా?

ప్రశ్న (నవంబరు 2024): శ్రీకాకుళం జిల్లా నుంచి హైదరాబాద్ వచ్చి ముగ్గురం టైల్స్ పని చేసేవాళ్లం. గది అద్దె 8 వేలు, అడ్వాన్సు 24 వేలు నగదుగా ఇచ్చాం. 2020 ఏప్రిల్ అద్దె కూడా అప్పు చేసి కట్టి, మేలో తాళం వేసుకుని ఊరెళ్లిపోయాం. అక్టోబరులో తిరిగొస్తే గదిలో వేరేవాళ్లు, మా సామాను టెర్రస్ మీద. ‘మీ 24 వేలు అద్దె బాకీ కింద పట్టుకున్నా’ అని ఓనర్ వాట్సాప్ చేశాడు. అగ్రిమెంట్ లేదు. పాత తేదీతో స్టాంపు పేపరు తెస్తానంటున్నాడు ఫ్రెండు. రాసుకోమంటారా?

జవాబు: ఎండలో నడిచిన దారి గురించి మీరు పంపిన రెండు పేజీలూ చదివాను, కానీ కేసు తేలేది అక్కడ కాదు. ఆ గదిని ఓనర్ వేరేవాళ్లకు ఏ నెలలో ఇచ్చాడు? అదొక్కటే మీరు రాయలేదు. తాళం మీ దగ్గరే, సామాను లోపలే ఉన్నన్నాళ్లూ అద్దె అడిగే హక్కు అతనికుంది. కేంద్ర హోంశాఖ 2020 మార్చి 29న ఇచ్చిన ఉత్తర్వు వలస కార్మికులను ఒక నెలపాటు అద్దె అడగొద్దంది, అంతేగానీ లాక్‌డౌన్ అద్దెలన్నీ మాఫీ అనలేదు. జూన్ ఒకటిన వేరేవాళ్లు దిగి ఉంటే మే అద్దె పోను 16 వేలు మీకు రావాలి. సెప్టెంబరులో దిగి ఉంటే నాలుగు నెలలకు 32 వేలు, అంటే మీరే బాకీ!

కాబట్టి పక్క గదులవాళ్లను పట్టుకుని, ఆ కొత్తవాళ్లు మొదటి నెల అద్దె ఫోన్‌లో ఎప్పుడు పంపారో కనుక్కోండి.

స్టాంపు పేపరు జోలికి మాత్రం పోవద్దు. దాని వెనక అమ్మిన తేదీ, సీరియల్ నంబరు, కొన్నవాళ్ల పేరు ఉంటాయి, అవే స్టాంపులు అమ్మే వెండర్ రిజిస్టర్‌లోనూ ఉంటాయి. అవతలి లాయర్ ఆ రిజిస్టర్ తెప్పించిన రోజున ఉన్న కేసు పోయి ఫోర్జరీ కేసు మెడకు చుట్టుకుంటుంది. అసలు దాని అవసరమేముంది? 24 వేలు తన దగ్గరున్నాయని ఓనరే రాసిచ్చిన మెసేజ్ మీ చేతిలో ఉంది కదా. ఆ ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, కోర్టు సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద, ఆ కాపీ ఏ ఫోన్‌లోంచి ఎలా తీశారో ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయాలి.

24 వేలు చేతికిచ్చి రసీదు అడగకపోవడం ఒక తప్పు, నాలుగేళ్లు ఒక్క ఉత్తరం ముక్క రాయకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. ఇలాంటి డబ్బుకు దావా వేసే గడువు మూడేళ్లే. సుప్రీంకోర్టు 2022 జనవరి 10 ఉత్తర్వుతో 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు లెక్కలోంచి తీసేశారు కాబట్టి బతికిపోయారు. మీకు 2025 ఫిబ్రవరి 28 దాకా టైముంది. నోటీసు పంపితే గడువు ఆగిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, ఆలోపు దావా పడాల్సిందే, అదీ హైదరాబాద్‌లోనే.

లాయర్ ఫీజుకు టెన్షన్ పడొద్దు. అక్కడి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, ఆదాయ పరిమితి లోపు ఉంటే లాయర్‌ను ఉచితంగా ఇస్తారు. ముందు లోక్ అదాలత్‌లో రాజీకి చూడండి, జనవరికల్లా తేలకపోతే దావా వేసేయండి. ఆ గదిలో కొత్తవాళ్లు దిగింది ఆగస్టులోనో ఆ తర్వాతో అని తేలితే మాత్రం దీన్ని ఇంతటితో వదిలేయండి.