పాత డీవీడీ ప్లేయర్ విప్పబోయే మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

డీవీడీ ప్లేయర్‌లో 'సుయ్' మని మోత వస్తోందని, విప్పి సౌండు బాగుచేస్తానని మీ అమ్మతో అన్నావట. చెయ్యి. కానీ మూత తీసేముందు వెనక ఏ వైరు పెట్టావో చూసుకో. హెచ్‌డీఎంఐ గానీ కోయాక్సియల్ గానీ అయితే లోపల ఆడియో భాగంలో ఏం మార్చినా నీకు వినపడదు. ఆ వైర్లలో వచ్చేది అంకెలే, వాటిని పాటగా మార్చేది అవతల ఉన్న టీవీయో ఆంప్లిఫయరో. ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ పిన్నులు వాడుతుంటేనే మిగతాది చదువు.

ముందు పైసా ఖర్చు లేనిది చూడు. మెనూలో స్పీకర్ సెట్టింగు స్టీరియోలో పెట్టి, ఈక్వలైజరూ నైట్ మోడూ తీసెయ్. మన దగ్గర అమ్మిన ప్లేయర్లలో చాలావాటికి కరావొకే మైకు ఉండేది. దాని వాల్యూమ్, ఎకో సున్నాకి తెచ్చి విను. నువ్వు చెప్పే ఆ 'సుయ్' కొన్నిసార్లు అక్కడే పోతుంది.

పవర్ సప్లై బోర్డు దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకో. 230 వోల్టుల కరెంటు అక్కడ డీసీగా మారి దాదాపు 325 వోల్టులవుతుంది. ప్లగ్గు పీకినా పెద్ద కెపాసిటర్‌లో, అంటే కరెంటును దాచుకునే ఆ డబ్బాలాంటి భాగంలో, అది నిలిచే ఉండొచ్చు. కొందరు మెకానిక్‌లు దాని రెండు కాళ్లూ స్క్రూడ్రైవర్‌తో కలిపి టప్‌మనిపిస్తారు, నువ్వు ఆ పని చేయకు. 10 కిలో ఓములు, 5 వాట్ల రెసిస్టర్ రెండు కొసలకూ వైర్లు కట్టి, వాటిని కెపాసిటర్ కాళ్లకు ఆనించి డిశ్చార్జ్ చేసి, మీటరుతో చూసి, ఆ తర్వాతే చెయ్యి పెట్టు. అసలు ఆ వైపు మార్చాల్సింది ఏమీ లేదు. ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇవతల, తక్కువ వోల్టేజి వైపు ఉన్న కెపాసిటర్లే నీ పని.

నన్నడిగితే పాత ప్లేయర్‌లో సౌండు పాడయ్యేది ఎక్కువగా వాటి వల్లే. ఏళ్ల తరబడి వేడికి ఎండిపోతాయి, తల ఉబ్బుతాయి. సప్లైలోని అలజడంతా ఆడియోలోకి దిగుతుంది. అదే మైక్రోఫారడ్, అదే వోల్టేజి లేదా కాస్త ఎక్కువది, 105 డిగ్రీల 'లో ఈఎస్ఆర్' (లోపలి నిరోధం తక్కువుండే) రకం తెచ్చుకో. తీసేముందు ఫోటో తీసుకో, ప్లస్ మైనస్ తారుమారైతే పేలొచ్చు. ముందు ఇవొక్కటే మార్చి కొన్నాళ్లు విను. ఆడియోను పెంచి బయటికి పంపే ఐసీ (చిప్) కూడా అదే రోజు మారిస్తే దేనివల్ల బాగైందో నీకే తెలియదు.

ఇక అందరూ ఎగబడే ఐసీ సంగతి. ఆర్‌సీఏ పిన్నుల దగ్గర చూస్తే చాలా ప్లేయర్లలో 4558 అనే నంబరున్న ఐసీ కనిపిస్తుంది. దాన్ని మరీ తిట్టకు. 2 వోల్టుల అవుట్‌పుట్‌కి దాని వేగం సరిపోతుంది. దాని బదులు ఎన్‌ఈ5532 అనే ఐసీ వేస్తే నాయిస్ కాస్త తగ్గుతుంది, అంతేగానీ గాయకుడు మారిపోడు. రెండింటి కాళ్ల వరసా ఒకటే. కానీ ముందు ఐసీకి కరెంటు అందే 4, 8 కాళ్ల మధ్య వోల్టేజి కొలువు. 5 వోల్టులే ఉంటే 5532 జోలికి పోకు, దానికది చాలదు. ప్లస్ 12, మైనస్ 12 ఉంటే, అంటే ఆ రెండు కాళ్ల మధ్య 24 చూపిస్తే, నిశ్చింతగా వేసుకో. కాళ్లు బోర్డులోంచి దూరే రకమైతే సాకెట్ పెట్టు, నచ్చకపోతే పాతదే గుచ్చెయ్యొచ్చు. సప్లై కాళ్ల పక్కనే 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ ఉండాలి. అది లేకపోతే వేగం ఎక్కువున్న ఐసీలు మనకు వినపడని ఫ్రీక్వెన్సీలో మోగుతూ వేడెక్కుతాయి. ఐసీలు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి గానీ, ఎక్కడ కొన్నా పేరు చెరిపి కొత్త నంబరు కొట్టిన సరుకు ఉంటుంది. ఓపీఏ2134 లాంటి ఖరీదైన ఐసీ మరీ చవగ్గా ఇస్తున్నాడంటే అనుమానించు.

అవుట్‌పుట్‌లో పాటను పంపి డీసీని ఆపే కప్లింగ్ కెపాసిటర్ తీసేసి తీగ వేయమని కొందరు చెబుతారు. సింగిల్ సప్లై (మైనస్ వోల్టేజి లేకుండా ప్లస్ ఒక్కటే ఉన్న) ప్లేయర్‌లో అలా చేస్తే డీసీ నేరుగా ఆంప్లిఫయర్‌లోకి పోతుంది. పెద్దది వేస్తే బాస్ పెరుగుతుందనేది కూడా భ్రమే. 10 మైక్రోఫారడ్ ఉండి, ఆంప్లిఫయర్ ఇన్‌పుట్ 10 కిలో ఓములైతే 2 హెర్ట్జ్ లోపలే కోత మొదలవుతుంది, మన చెవి 20 దగ్గరే ఆగిపోతుంది. పిన్నుల పక్కనున్న బుల్లి మ్యూటింగ్ ట్రాన్సిస్టర్లనూ వదిలెయ్. అవి పోతే స్విచ్ వేసినప్పుడల్లా స్పీకర్ 'ధన్' మంటుంది.

పోల్చేటప్పుడు వాల్యూమ్ రెండుసార్లూ ఒకేలా ఉంచు. కాస్త గట్టిగా మోగిందల్లా మంచి సౌండే అనిపిస్తుంది, మనందరికీ ఉన్న జబ్బే అది.

అంతా బిగించాక నేరుగా ప్లగ్గులో పెట్టకు. 60 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బుతో సిరీస్ బోర్డు (కరెంటు బల్బు గుండా వెళ్లేలా కట్టిన బోర్డు) మీద ఆన్ చెయ్యి. బల్బు ఒక్కసారి మెరిసి తగ్గిపోవాలి. నిండుగా వెలుగుతూ ఉందంటే ఎక్కడో షార్ట్, వెంటనే తీసెయ్.

ఆ 4, 8 కాళ్ల వోల్టేజి రాసిపెట్టుకుని ఆదివారం ఫోన్ చెయ్యి. ఏ ఐసీ కొనాలో అప్పుడు చెబుతా, అంతదాకా దుకాణానికి వెళ్లకు.

మీ మామయ్య